మేత చేప ఎవరి పద్దు?

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో చలి తగ్గి నీళ్లు వేడెక్కే రోజుల్లో, పొలాల నడుమ ఉన్న సొంత చెరువుల గట్ల మీదికి ట్యాంకులు బిగించిన ట్రక్కులు వస్తుంటాయి. బండిని వెనక్కి నడిపి అంచున ఆపుతారు. లావుపాటి గొట్టం నీళ్లలోకి వదిలి మూత తిప్పగానే, బస్తా కుట్టు విప్పితే వడ్లు జారినట్టు వేల చేపలు జలజలా చెరువులో పడతాయి. వేలెడంత చేపలు. బూడిద రంగు, మొద్దు తల. పేరు ఫ్యాట్‌హెడ్ మినో.

చెరువు యజమాని పని అంతటితో అయిపోదు. గోదాముల్లో సరుకు పేర్చడానికి వాడే చెక్క ప్యాలెట్లు రెండో మూడో తెచ్చి, ఒడ్డుకు దగ్గరగా లోతు తక్కువున్న చోట ముంచుతాడు. ఈ జాతి మగచేప ఏదైనా చదునైన వస్తువు అడుగున చోటు చూసుకుంటుంది. ఆడచేప వచ్చి ఆ అడుగుకు గుడ్లు అంటించి వెళ్లిపోతుంది. ఇక కాపలా అంతా తండ్రిదే. ఆ కాలంలో దాని వీపు మీద స్పాంజిలాంటి మెత్తటి కండ ఒకటి లేస్తుంది. దాంతో గుడ్లను మాటిమాటికీ రుద్ది శుభ్రం చేస్తుంది. అటుగా వచ్చిన చేపల్ని తలతో కుమ్మి తరుముతుంది. అంటే ఆ ప్యాలెట్ ఒక పురిటిగది. దాన్ని అంత శ్రద్ధగా అమర్చిన చేతులే, పది గజాల అవతల నీడలో తిరిగే లార్జ్‌మౌత్ బాస్ అనే వేటచేప కోసం ఈ చేపల్ని డబ్బు పోసి కొన్నాయి. ఒకటి రెండు సీజన్లు గడిచేసరికి ఆ చెరువులో ఫ్యాట్‌హెడ్‌లు దాదాపు మిగలవు. ఆ సంగతి అమ్మినవాడికీ తెలుసు, కొన్నవాడికీ తెలుసు.

ఇలాంటి చేపల్ని అక్కడ ఫోరేజ్ ఫిష్ అంటారు. ఫోరేజ్ అంటే పశువుల మేత. మన భీమవరం, కైకలూరు రైతుల భాషలో కూడా మేత అంటే తవుడు, చెక్క, బస్తాల్లో వచ్చే గుళికలు. ప్రాణమున్న చేపకు ఆ పేరు పెట్టగానే దాని జాతకం ఖాయమైపోతుంది. ఇక దాని గురించి బస్తాల్లోనో, పౌండ్లలోనో మాట్లాడుకోవచ్చు. తెలుగులో ఇంకో మాట ఉంది, ఎర. గాలానికి గుచ్చే వానపామూ ఎరే, తల్లిపక్షి గూటికి తెచ్చి పిల్ల నోట్లో పెట్టేదీ ఎరే. మోసానికీ మమకారానికీ ఒకే మాట వాడిన భాష మనది. చెరువు గట్టు మీద నిలబడి ఆలోచించేవాడికి ఈ మాటే ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న చిన్నదే. బాస్ నోట్లో పోయిన మేత చేప చావును చిత్రగుప్తుడు ఎవరి పద్దులో రాయాలి? బాస్ పద్దులో రాయలేడు; ఆకలికి తినే జంతువుకు పాపపుణ్యాలు అంటగట్టిన వాళ్లు తక్కువ. యజమాని ఏ చేపనూ ముట్టుకోలేదు. గాలం వేయలేదు, వల విసరలేదు. నీళ్లలో నీటి ప్రాణిని వదిలాడు, అంతే. కొందరి దృష్టిలో అది పుణ్యకార్యం కూడా.

ఈ చెరువుల లెక్క తేల్చినవాడు హోమర్ స్వింగిల్. అలబామాలోని ఆబర్న్‌లో వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో 1930ల నుంచి ఆయన చేసిన పని చూస్తే ఓపికకు దండం పెట్టాలనిపిస్తుంది. చెరువులు తవ్వించాడు, వాటిలో రకరకాల పాళ్లలో చేపలు వదిలాడు, కొన్నాళ్లయ్యాక నీళ్లన్నీ తోడించి అడుగున దొరికిన ప్రతి చేపనూ లెక్కపెట్టి తూచాడు. ఇలా పోగైన లెక్కల్ని 1950లో ఒక బులెటిన్‌గా అచ్చేశాడు. అందులో మేత చేపల మొత్తం బరువును వేటచేపల మొత్తం బరువుతో భాగిస్తాడు. 3 నుంచి 6 మధ్య వస్తే చెరువు ఆరోగ్యంగా ఉన్నట్టు. మేతగా ఆయన ఎంచుకున్నది బ్లూగిల్ అనే చేప. అరచేయంత వెడల్పు, మొప్ప చివర నల్లటి చెవిలాంటి మచ్చ. వసంతం నుంచి ఎండాకాలం చివరిదాకా విడతలు విడతలుగా గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఎరువు వేయని చెరువులో ఎకరాకు 500 బ్లూగిల్, 50 బాస్ అన్నది దక్షిణాది రైతులకు నేటికీ నోటికి వచ్చిన లెక్క.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో కూడా స్వింగిల్ చెరువులే చూపించాయి. బాస్ తక్కువైన చోట బ్లూగిల్ లెక్కకు మించి పుడతాయి. ఉన్న పురుగూ పుట్రా అందరికీ చాలవు. మూడు నాలుగు అంగుళాల దగ్గర పెరుగుదల ఆగిపోయి, చెరువు నిండా బక్కచిక్కిన చేపలే మిగులుతాయి. ఆకలికి అవి బాస్ గుడ్లను కూడా తినేస్తాయి కాబట్టి వేటచేప మళ్లీ తలెత్తడం కష్టం. అదే బ్లూగిల్ తక్కువైతే బాస్ తల ఒకటే పెద్దదై, ఒళ్లు కత్తిలా పలచబడుతుంది. జాలిపడి వేటచేపను తీసేస్తే మేత చేపకు మేలు జరగదన్నది ఇక్కడ బోధపడే మొదటి సంగతి. నోట్లో పడి చావడం తప్పితే ఆకలితో కుంగి బతకడం మిగులుతుంది.

ఈ వాదన చేపల శాస్త్రవేత్తల కన్నా ముందు పాదరీల దగ్గర ఉండేది. ఆక్స్‌ఫర్డ్‌లో భూగర్భశాస్త్రం చెప్పిన విలియం బక్లాండ్ చర్చి పదవిలో కూడా ఉన్నవాడు. 1836లో వెలువడిన తన గ్రంథంలో ఆయన, మాంసాహార జంతువుల్ని దేవుడు ఎందుకు పుట్టించాడన్న చిక్కుముడి విప్పబోయాడు. ముసలితనంతో, రోగంతో, తిండి లేక నెలల తరబడి తీసుకుని చచ్చేకన్నా చటుక్కున చావడం మేలు కదా, పులి ఉండటం వల్ల లేళ్ల లోకంలో మొత్తం మీద సుఖమే పెరిగింది కదా అన్నది ఆయన సమాధానం. దానికి చాలా ముందే, 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్, ఆదాము పాపం చేయకముందు సింహాలూ డేగలూ గడ్డి తినేవన్న ఊహను కొట్టిపారేశాడు. మనిషి తప్పు వల్ల జంతువుల స్వభావం మారలేదని ఆయన మాట. ఇక డార్విన్, 1860లో అమెరికా వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రేకు రాసిన ఉత్తరంలో, బతికున్న గొంగళిపురుగు లోపల పిల్లల్ని పెంచే కందిరీగ జాతిని దయగల దేవుడు కావాలని సృష్టించాడంటే తన మనసు ఒప్పుకోవడం లేదన్నాడు.

ఈ ముగ్గురి తగువూ దేవుడితో. అడవికి యజమాని ఎవరన్నది అక్కడ విశ్వాసానికి సంబంధించిన విషయం. చెరువు దగ్గర ఆ సందేహం లేదు. యజమాని పేరు రిజిస్ట్రేషన్ కాగితాల మీద ఉంది. బుల్డోజరు పెట్టి గుంట తవ్వించింది ఆయనే, ఎకరాకు ఎన్ని వదలాలో లెక్క వేసిందీ ఆయనే. చేపపిల్లకు చెక్కు రాసిన చేతులు కూడా ఆయనవే. బక్లాండ్ దేవుడి తరఫున చెప్పిన సాకు తనకూ వర్తిస్తుందని ఆయన అనుకుంటే, చిన్న ఇబ్బంది వస్తుంది. ఆకలిచావా, వేటచావా అని ఎంచుకోవాల్సిన దుస్థితి బ్లూగిల్‌కు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ రెండు దారులే ఉన్న గుంటలోకి దాన్ని తెచ్చి పోసినవాడే, రెండిట్లో ఇదే నయమని దానికి మేలు చేసినట్టు మాట్లాడుతున్నాడు. నారు పోసినవాడు నీరు పోయడా అని మనవాళ్లు ధైర్యం చెప్పుకుంటారు. ఈ చెరువులో బాస్‌కు పోసిన నీరు, మరొకరి నారు.

మన కథల్లో చేపను పెంచిన మొదటివాడు మనువు. శతపథ బ్రాహ్మణంలోనూ, భారతంలోనూ ఉన్న కథే. అంజలిలోకి వచ్చిన చిన్న చేప, పెద్ద చేపలు చిన్నవాటిని మింగేస్తాయి, కాపాడమని వేడుకుంటుంది. మనువు దాన్ని కుండలో ఉంచుతాడు. పట్టకపోతే కొలనులో, కొలను చాలకపోతే గంగలో, చివరికి సముద్రంలో వదులుతాడు. ప్రళయం వచ్చినప్పుడు ఆ చేపే ఆయన నావను లాగుతుంది. ఈ కథను పూజ కోసం విన్నవాళ్లు ఎందరో గానీ, చేపల పెంపకం కోణంలో విన్నవాళ్లు తక్కువ. మనువు కుండలో ఒకే చేప ఉంది. రెండో చేపను వదలకపోవడమే ఆయన చేసిన రక్షణ అంతా. అంత పెరిగిన చేప ఏం తిని పెరిగిందన్న ఊసు కథలో ఉండదు. ఆ ప్రశ్న వేస్తే కథ కుదురుగా నిలబడదు.

చిత్రమేమిటంటే, రాజనీతిలో మత్స్యన్యాయం అన్న మాటకు ఎదురుగా నిలబెట్టిందీ ఈ మనువునే. దండం లేని చోట బలవంతుడు బలహీనుణ్ని మింగుతాడని అర్థశాస్త్రం చెబుతుంది. మత్స్యన్యాయంతో విసిగిన జనం వైవస్వత మనువును రాజుగా పెట్టుకుని, పంటలో ఆరో వంతు ఇవ్వడానికి ఒప్పుకున్నారని కూడా అందులోనే ఉంది. ఎనిమిదో శతాబ్దంలో బెంగాల్‌లో పాలవంశానికి మూలపురుషుడైన గోపాలుడు గద్దెనెక్కింది మత్స్యన్యాయాన్ని తొలగించడానికేనని ఆయన కొడుకు ధర్మపాలుడి ఖాలింపూర్ తామ్రశాసనం చెప్పుకుంది. అంటే మన పెద్దల దృష్టిలో పెద్ద చేప చిన్న చేపను మింగడం రాజ్యం లేని చోటి అరాచకం. స్వింగిల్ చెరువులో అదే మింగుడు ఒక పద్ధతి ప్రకారం, నిష్పత్తి ప్రకారం, పాలకుడి పర్యవేక్షణలో జరుగుతుంది. మత్స్యన్యాయాన్ని అణచాల్సినవాడే దాన్ని నడుపుతున్నాడు. ఆ స్థితికి అర్థశాస్త్రంలో పేరు లేదు.

యజమాని తరఫున మాట్లాడగలవాడు మన సాహిత్యంలో ఒకడున్నాడు. మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు. తెలుగులో ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వ భాగంలో ఆయన కథ వస్తుంది. కంటిచూపుతో కొంగను మసి చేసిన కౌశికుడనే బ్రాహ్మణుడు, ఒక ఇల్లాలి మాట మీద ధర్మం తెలుసుకోవడానికి ఆ మాంసం అంగడికి వస్తాడు. చేపల్ని తినే కొంగను చంపినవాడు, మాంసం అమ్మేవాడి దగ్గర అహింస గురించి వినడమే ఆ కథలో చమత్కారం. తాను చంపడు, ఇతరులు చంపి తెచ్చింది అమ్ముతాడు, తాను తినడు కూడా. నాగలి దున్నితే మట్టిలో ఎన్ని ప్రాణులు పోతున్నాయో చూడమంటాడు. ధాన్యపు గింజలోనూ జీవముందంటాడు, చేపను చేప తింటుందంటాడు. హింస అంటకుండా బతికేవాడు లోకంలో లేడని ఆయన వాదం. అయితే అక్కడితో ఆగడు. ప్రయత్నం మీద దాన్ని తగ్గించుకోవచ్చంటాడు. ఈ రెండో మాటను వదిలేసి మొదటిదే పట్టుకుని తిరిగేవాళ్లు చాలామంది.

పైగా ధర్మవ్యాధుడికి ఉన్న రెండు ఊతలు చెరువు యజమానికి లేవు. ఒకటి కులవృత్తి, తాత తండ్రుల నుంచి వచ్చిందని ఆయన అనగలిగాడు. రెండోది పొట్టకూటి పని. స్వింగిల్ కాలంలో ఈ రెండో ఊత గట్టిగానే ఉండేది. ఆర్థిక మాంద్యం కాలపు దక్షిణాదిలో పత్తి రైతుల ఇళ్లలో మాంసం అరుదు. సొంత చెరువులో రెండు పూటలకు సరిపడా చేప పండించుకోవడమే ఆ ప్రయోగాల లక్ష్యం. 1932 జూన్ 2న జార్జియాలో జార్జ్ పెర్రీ అనే పల్లెటూరి కుర్రాడు 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్‌ను పట్టాడు. అది ప్రపంచ రికార్డు. ఆ చేపను ఇంటికి తీసుకెళ్లి కుటుంబమంతా వండుకు తిన్నారు.

ఇప్పటి చెరువుల్లో సంగతి వేరు. 1972లో రే స్కాట్ అనే ఆయన తాను నడిపే బాస్ పోటీల్లో పట్టిన చేపను బతికించి తిరిగి వదిలే పద్ధతి తెచ్చాడు. అది పెద్ద సంస్కారమే; అంతకు ముందు పోటీలు ముగిశాక గుట్టలుగా చచ్చిన చేపలు పడుండేవి. కానీ దాని ఫలితంగా లెక్క తలకిందులైంది. బాస్ ఒక పౌండు బరువు పెరగాలంటే సుమారు పది పౌండ్ల మేత చేప కావాలని చెరువుల వాళ్లు లెక్కేస్తారు. పది పౌండ్ల బాస్ అంటే ఎన్ని వేల చిన్న ప్రాణాలో ఊహించుకోవచ్చు. ఆ బాస్‌ను ఒక ఉదయం గాలంతో లాగి, రెండు చేతులతో పట్టుకుని ఫోటో దిగి, ముద్దుపెట్టి నీళ్లలో వదిలేస్తారు. ఎవరూ తినలేదు. అందరూ ఆ చేప పట్ల ఎంతో మర్యాదగా ఉన్నారు. థ్రెడ్‌ఫిన్ షాడ్ అనే ఇంకో మేత చేప ఉంది. నీళ్లు బాగా చల్లబడితే తట్టుకోలేక గుంపులు గుంపులుగా చచ్చిపోతుంది. అయినా చలి ప్రాంతాల్లో కొందరు వసంతంలో కొని వదులుతారు, చలికాలంలో పోగొట్టుకుంటారు, మళ్లీ వసంతంలో కొంటారు. బాస్ బాగా లావెక్కుతుంది మరి.

యోగసూత్రాల మీద వ్యాసభాష్యంలో ఒక జాలరి ప్రస్తావన ఉంది. అహింసను జాతి, దేశం, కాలం లాంటి హద్దులు లేకుండా పాటిస్తేనే మహావ్రతం అని చెప్పే చోట, హద్దున్న అహింసకు ఉదాహరణగా ఆ జాలరిని తెస్తాడు: చేపల విషయంలో తప్ప ఇంకెక్కడా హింస చేయనివాడు. ఫోటో దిగి బాస్‌ను వదిలే పెద్దమనిషి ఆ జాలరికి అద్దంలో ప్రతిబింబం. ఆయన అహింస బాస్ దాకా వచ్చి ఆగిపోయింది.

అదే గ్రంథంలో ఇంకొంచెం ముందుకెళితే, హింసను మూడు రకాలుగా విడగొడతారు. తాను చేసింది, ఇతరులతో చేయించింది, చేస్తుంటే సరేనని ఊరుకున్నది. జైనులు ఈ మూడింటినీ మనసు, మాట, శరీరాలతో గుణించి మరీ లెక్కపెట్టారు. గృహస్థుడైన జైనుడు చేయకూడని 15 వృత్తుల జాబితా వాళ్లకుంది. బొగ్గు కాల్చడం, దంతం అమ్మడం, విషం అమ్మడం వంటివాటితో పాటు, చెరువులు ఎండగట్టడం కూడా అందులో ఒకటి. చివరిది ఇక్కడ మనకు అసలైనది: ఇతర ప్రాణుల్ని చంపే జంతువుల్ని పెంచి పోషించడం. ఒకప్పుడు తెలుగునేల మీద బలంగా ఉండి, ఇవాళ కొలనుపాక వంటి కొద్ది చోట్ల మాత్రమే వెలుగుతున్న ఆ మతం, అలబామా చెరువును చూడకుండానే దాని మీద తీర్పు రాసిపెట్టింది. పిల్లిని పెంచినవాడు, ఎలుకను నేను చంపలేదు అంటే అక్కడ చెల్లదు.

ఈ తీర్పు కటువుగా అనిపించవచ్చు. చేపకు అసలు నొప్పి తెలుస్తుందా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 2003లో స్కాట్లండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదాల్లోకి తేనెటీగ విషాన్నీ, ఎసిటిక్ ఆమ్లాన్నీ ఎక్కించి చూసింది. అవి మేత మానేశాయి, అటూ ఇటూ ఊగాయి, కొన్ని తొట్టి అడుగున గులకరాళ్లకు మూతి రాసుకున్నాయి. మినో జాతి చేపల గురించి ఇంకా పాత సంగతి ఒకటుంది. కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లో గమనించింది. ఒక చేప చర్మం చిట్లితే అందులోంచి ఒక పదార్థం నీళ్లలో కలుస్తుంది. దాని వాసన తగలగానే మిగిలినవి బెదిరి గుంపుగా ముడుచుకుపోతాయి. ఫ్యాట్‌హెడ్‌లోనూ ఇదే ఏర్పాటు ఉంది. ట్రక్కులోంచి చెరువులో పడ్డ మొదటి గంటలో ఆ వాసన వాటికి ఎన్నిసార్లు తగులుతుందో.

ఇదంతా పరాయి దేశపు గొడవ అనుకోనక్కర్లేదు. గోదావరి, కృష్ణా జిల్లాల చేపల చెరువుల్లో ఇదే నాటకం పాత్రలు మారి నడుస్తుంది. అక్కడ సొమ్ము బొచ్చె, శీలావతి చేపలది. వేటచేప శత్రువు. పిల్ల వదలడానికి ముందు చెరువులో మిగిలిన కొరమీను, జెల్ల వంటివాటినీ, పరకపిల్లల్లాంటి చిన్న చేపల్నీ ఇప్పచెక్క చల్లి చంపుతారు. ఇప్పచెక్కలోని సపోనిన్ చేపల రక్తకణాలను చెడగొడుతుంది. ఆ చిన్న చేపలకు మత్స్యశాఖ పుస్తకాల్లో పేరు కలుపు చేపలు. వరిమడిలో తుంగ ఎంతో, చెరువులో అవంత. ఒడ్డు మారితే, అదే సైజు చేప ఒక చోట మేత, ఒక చోట కలుపు. అది చేసిన తప్పు రెండు చోట్లా ఒకటే, చిన్నగా పుట్టడం.

కొరమీనును కావాలని పెంచే రైతులూ ఉన్నారు. తెలంగాణ రాష్ట్ర చేప అది. మార్కెట్లో ధర ఎక్కువ, సంతలో నీళ్ల తొట్టిలో బతికుండగా అమ్ముడుపోతుంది. దాని నోటికి చిన్న చేపలు వేసేవాళ్లున్నారు, తిలాపియా పిల్లల్ని అదే చెరువులో పెంచి తిననిచ్చేవాళ్లున్నారు. పల్లెల్లో పెరిగినవాళ్లకు కొరమీను సంసారం తెలుసు: తొలకరి తర్వాత కుంట అంచున ఎర్రటి పిల్లల గుంపు ఉండలా తిరుగుతుంటుంది, దాని కిందనే తల్లీ తండ్రీ కాపలా కాస్తుంటాయి. ఆ ఎర్ర గుంపును చూసి గాలం వేస్తే పెద్దచేప కోపంతో వచ్చి పట్టుకుంటుందని కుర్రాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. బాస్ కూడా అంతే. గుడ్లనూ పిల్లల్నీ తండ్రి కాస్తుంది. బ్లూగిల్ మగచేప గూటి మీద నిలబడి తోకతో నీళ్లు విసురుతూ గుడ్లకు గాలాడనిస్తుంది. ఈ మూడు జాతుల్లో పిల్లల మీద ప్రేమకు కొదవ లేదు. నోరు ఎవరిది పెద్దదన్నదే తేడా.

ఈ మధ్య కొరమీనుకూ గుళికల మేత అలవాటు చేస్తున్నారు. ప్రాణమున్న చేపను వేయనక్కర్లేదు కాబట్టి మనసుకు హాయి. ఆ గుళికలో చేపపొడి ఉంటుంది. రొయ్యల మేతలోనూ ఉంటుంది. సముద్రంలో పట్టిన చిన్న చేపలే ఎండి, పొడై, బస్తా రూపంలో గట్టు మీదికి వస్తాయి. శాకాహారిగా మారినంత మాత్రాన ఈ ఖాతాలోంచి ఎవరూ పూర్తిగా బయటపడరు. ధర్మవ్యాధుడు చెప్పిన నాగలి ఉండనే ఉంది. కానీ నాగలి కింద పురుగు పోతే అది పంట పండించబోతే జరిగిన నష్టం. మేత చేప చావు నష్టం కాదు, అదే పంట. దాన్ని పుట్టించిందే అందుకు. రెండింటినీ ఒకే గాటన కట్టి, లోకంలో హింస లేనిదెక్కడ అని చేతులు దులుపుకోవడం గడుసుతనం తప్ప వేదాంతం కాదు.

స్వింగిల్ చెరువును ఈ దృష్టితో తూస్తే, పేదింటి కంచంలో పడ్డ ఆ చేప ధర్మవ్యాధుడి అంగడి దాకా వెళ్లి నిలబడగలదు. యజమాని నేనే చేయించానని ఒప్పుకుంటే చాలు. ఫోటో కోసం పెంచిన బాస్ చెరువు అంతదూరం రాలేదు. ప్రకృతి సహజం అన్న మాట అడవిలో చెల్లుతుందేమో, తవ్వించిన గట్టు మీద చెల్లదు.

ఈ ఏర్పాటు గట్టు దాటితే ఏమవుతుందో జపాన్ చూసింది. బాస్‌ను 1925లో తెత్సుమా అకబోషి అనే వ్యాపారి అమెరికా నుంచి తెప్పించి అషినోకో సరస్సులో వదిలాడు. దాని మేత 1960లో విడిగా వచ్చింది. అప్పటి యువరాజు అకిహితో అమెరికా పర్యటనలో ఉండగా చికాగో మేయరు ఆయనకు బ్లూగిల్‌ను కానుకగా ఇచ్చాడు. అకిహితో స్వయంగా చేపల శాస్త్రవేత్త. తిండికి పనికొచ్చే చేపగా పెంచుకోవచ్చన్న ఉద్దేశంతో వాటిని మత్స్య పరిశోధన కేంద్రానికి ఇచ్చారు. రెండు జాతులూ చివరికి బివా సరస్సు చేరాయి. ఎన్నో లక్షల ఏళ్ల ఆ సరస్సులో తప్ప వేరెక్కడా లేని చేపలు, అక్కడివాళ్లు అన్నంలో ఊరబెట్టి తినే నిగోరోబునాతో సహా, ఎవరూ పేరు పెట్టకుండానే మేత చేపలైపోయాయి. 2009 జులై 2న మనాబు కురిత అనే జపాన్ జాలరి అదే బివాలో పెర్రీ రికార్డుతో సమానమైన బాస్‌ను పట్టాడు. గాలానికి గుచ్చిన ఎర, బతికున్న బ్లూగిల్.

బౌద్ధం లోతుగా పాతుకున్న దేశం అది. నారా నగరంలో కొఫుకుజి ఆలయం పక్కనున్న సరుసవా కొలనులో ఏటా ఏప్రిల్ 17న చేపల్ని నీళ్లలోకి వదిలే హోజోఎ ఉత్సవం జరుగుతుంది. దీనికి మూలంగా చెప్పే కథ సువర్ణప్రభాస సూత్రంలో ఉంది. వర్తకుడి కొడుకైన జలవాహనుడు ఎండిపోతున్న చెరువులో పదివేల చేపలు కొట్టుకోవడం చూసి, రాజు దగ్గర ఇరవై ఏనుగుల్ని అడిగి తెచ్చి, తోలుసంచులతో నీళ్లు మోయించి, ఇంటి నుంచి తిండి తెప్పించి పెడతాడు. ఆ పదివేలల్లో పెద్దవెన్నో, చిన్నవెన్నో, నీళ్లు నిండిన మర్నాడు ఏది దేన్ని తిన్నదో సూత్రం చెప్పదు.

2007 నవంబరులో బివా ఒడ్డున ఒత్సు నగరంలో జరిగిన సభలో అకిహితో, అప్పటికి చక్రవర్తి, బ్లూగిల్‌ను తెచ్చింది తానేనని ప్రస్తావించి, ఇలా పరిణమించినందుకు మనసు నొచ్చుకుంటోందని అన్నారు. చేయించిన హింసను పద్దు పేరుతో సహా బహిరంగంగా ఒప్పుకున్న చెరువు యజమాని ఆయన ఒక్కరే కావచ్చు. షిగా రాష్ట్రంలో 2003 నుంచి బివాలో పట్టిన బాస్‌ను గానీ, బ్లూగిల్‌ను గానీ తిరిగి నీళ్లలో వదలడం నిషిద్ధం. సరస్సు ఒడ్డున రేవుల దగ్గర వాటి కోసం పెట్టెలు పెట్టారు. గాలానికి ఏది తగిలినా, బాస్ అయినా బ్లూగిల్ అయినా, ఆ పెట్టెలో వేసి వెళ్లమంటారు.